దాచు

ఆమదాలవలస గోగునార లెక్కల గదిలో
కంప్యూటరు ఒక్కటే, చేతులు పదకొండు జతలు.
నల్ల తెర. రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు,
అది "నిజమేనా?" అని గొణగను కూడా గొణగదు.
చెరిపేస్తుంది.

అలాగే పోయాయి ఒక జ్యేష్ఠమాసపు మధ్యాహ్నం
కూర్మారావుగారి మూడేళ్ళ కొలతలు:
కాండం ఎత్తు, నార బరువు,
తుపానుకి ఒరిగిపోయిన మొక్కల లెక్క.
నక్షత్రానికీ చుక్కకీ నడుమ
పడకూడని ఖాళీ ఒకటి పడింది, అంతే.
ఆయన కేకలెయ్యలేదు.
కుర్చీని ఎంతో జాగ్రత్తగా బల్ల కిందికి తోసి
టీకి వెళ్ళి, ఆ రోజుకి మరి రాలేదు.

గోడకి కాగితం అంటించాను: చెరిపే ముందు చూడండి.
వారం తిరక్కుండా దాని మీద ఎవరో టీ బాకీలు రాశారు.

తర్వాత దొంగచాటుగా
ఆ పాత మాటకే "నిజమేనా?" అని అడగడం నేర్పాను.
అందరూ "అవును" నొక్కడం నేర్చుకున్నారు,
చదవకుండానే, దోమని తోలినంత తేలిగ్గా.

నీలవేణి ఒక్కత్తే వచ్చి నిలదీసింది,
గార నుంచి రెండు బస్సులు మారి వచ్చే గుంట.
"మా అమ్మ చేపలు కోసే కత్తిపీటకి
పదును తీసీసి మాకు అలవాటు చేసీసినారనుకోండి,
రేపు ఇంకొకరింట్లో కూకుంటే వేలు తెగదేటి సార్?
కత్తిని కత్తిలాగే ఉండనీయండి.
వేరే అటకొకటి కట్టండి."

కట్టాను. కొత్త మాట పెట్టాను: దాచు.
అది చెరపదు. నలభై రోజులు పైన పడేసి ఉంచుతుంది.
కిందికి దించడానికి ఇంకో మాట: తే.

ఎవరూ వాడలేదు.
రెండక్షరాల పనికి అయిదక్షరాలు ఎవడు కొడతాడన్నాడు ముఖలింగం.

వానలు మొదలయ్యాక కూర్మారావుగారు
మళ్ళీ ఆ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.
ఒంటివేలితో, వెతుక్కుంటూ, దాచు.
దాచింది తప్పు ఫైలు.
ఆయన మెడ బిగుసుకోవడం వెనక నుంచే కనిపించింది నాకు.
నోరు మెదపలేదు నేను.
చాలాసేపటికి, తే.

"ఓలమ్మ, ఒచ్చీసినాది!"
అరవై దగ్గరపడిన మనిషి కేక
వరండా దాటి సైకిళ్ళ షెడ్డు దాకా వినబడింది.
పదిమందీ పరుగున వచ్చి తెర చుట్టూ మూగారు.
"ఏటి కొట్టినారు? మళ్ళీ కొట్టండి."
ఆయన మళ్ళీ దాచారు. మళ్ళీ తెచ్చారు.
సాయంత్రం దాకా అదే ఆట.

ముఖలింగం ఇప్పటికీ ఆ రెండక్షరాలే కొడతాడు.
కాకపోతే ఎంటర్ మీద వేలు
ఒక్క క్షణం గాల్లో ఆగుతుంది.

గోడ మీద కాగితం ఇంకా ఉంది.
నా పేరున రెండు టీలు.
అవి మాత్రం ఎవరూ చెరపలేదు.