ఇతరములు

సర్క్యులర్ నాలుగో పేజీలో ఉన్నాం మేం.
మొదటి మూడు పేజీలూ
హైవే పక్క కాలేజీలవి,
లైట్ల కింద, రబ్బరు మ్యాట్ మీద
కబడ్డీ ఆడేవాళ్లవి.
వాళ్లంతా కూడబలుక్కుని
కొత్త గ్రూపు పెట్టుకున్నారట.
దానికో ఇంగ్లీషు పేరు, ఒక పులిబొమ్మ.
మిగిలినవి తొమ్మిది.
కొత్తూరు నుంచి ఇచ్ఛాపురం దాకా
కొండవారా, సముద్రంవారా
చిల్లర ఏరినట్టు ఏరి
ఒక్క మాట కింద పోశారు:
ఇతరములు.

నేను అటెండర్ని. లావేటి పోలినాయుడు.
కాయితం చదివి వినిపించింది పీడీ మేడమ్, హైమావతి గారు.
పదకొండు నెలల కాంట్రాక్టు ఆవిడది,
పన్నెండో నెల ప్రతి ఏడూ దేవుడిది.
కళ్లజోడు తుడుచుకుని
మళ్లీ మొదటి పేజీ నుంచి చదివారు,
మా పేరు ఏ మూలైనా నక్కి ఉందేమోనని.

నాకు తెలిసిన గీతలు వేరు.
ఇరవై రెండేళ్లుగా నేనే గీస్తున్నాను.
మేకు పాతి, పురికొస లాగి,
అడుగున కన్నాలు పొడిచిన డాల్డా డబ్బాతో ముగ్గు రాలుస్తూ
వెనక్కీ వెనక్కీ నడవడం.
నడిగీత, బాక్‌లైన్, బోనస్ గీత, లాబీ.
ఆటలో గీత దాటినవాళ్లు ఔటు.
ఇక్కడ మావాళ్లు అంగుళం కదల్లేదు.

నిరుటి దాకా మాకు పాలకొండ ఉండేది.
గంట ప్రయాణం, ఎర్ర బస్సు.
వాళ్లకీ మాకూ పద్నాలుగేళ్ల పగ.
ఎలాంటి పగ అనుకున్నారు,
ఓడించి, తిట్టి,
దార్లో తినమని పులిహోర పొట్లాలు కట్టిచ్చేవారు.
ఒక ఏడు వాళ్ల కెప్టెన్ జెర్సీ భుజం దగ్గర చిరిగితే
మా గుంట పిన్నీసు ఇచ్చింది,
ఇచ్చి, మరుసటి కూతకే
కాలు పట్టి కూలేసింది.
పాలకొండని మూడో పేజీలోకి తీసుకున్నారు.
ఆ పిన్నీసు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

ఇప్పుడు మా మొదటి మ్యాచి మందస అవతల.
మూడు బస్సులు మారాలి.
ఆధార్ చూపిస్తే ఆడపిల్లలకి టిక్కెట్టు లేదు, నిజమే,
చివరి బస్సు మాత్రం
మ్యాచి అయ్యేదాకా ఆగదు.
రాత్రి ఎక్కడ పడుకోబెడతారని
ఏడుగురు తల్లులు అడిగారు.
బత్తెం నూట ఇరవై.
మేడమ్ అట్ట వెనక లెక్క వేసి, కొట్టేసి,
మళ్లీ వేసి
అట్టని బల్ల సొరుగులో పెట్టేశారు.

సవర రోజా మాత్రం ఏమీ అడగలేదు ఆ రోజు.
సీతంపేట కొండల పిల్ల,
ఒక్క ఊపిరితో కూత పెడితే
లైబ్రరీలో సారు తలెత్తి చూస్తారు.
కానిస్టేబులు ఫారం నింపుతూ
మర్నాడు నా దగ్గరికొచ్చింది:
"బాబాయ్, ఇతరములు అని రాసున్న సర్టిఫికెట్టు
స్పోర్ట్స్ కోటాలో సెల్లుతాదా?"
మేడమ్ మూడు ఆఫీసులకి ఫోన్ చేశారు.
మూడు చోట్లా లంచ్.

ముగ్గుకి రెండు బస్తాలు రాస్తే
ఒకటి వచ్చింది ఈసారి.
ఎంత పల్చగా రాల్చినా
బోనస్ గీత దగ్గర డబ్బా ఖాళీ.
ఏటి సేస్తాం.
మట్టి మట్టిగానే వదిలేశాను.

సాయంత్రం గుంటలు దిగారు.
బయటి జట్టేదీ లేదు,
తమలో తామే ఆరుగురూ ఆరుగురూ.
రోజా కూతకెళ్లింది.
ఒక కాలు గాల్లో, ఒక కాలు చివరంటా సాచి
తిరిగొచ్చి వేలు చూపించింది: బోనస్.
"గీతే నేదు, బోనస్ ఏటే?"
"గీత నేకపోతే? సోటు ఉంది కదా!"
"నువ్వు దాటనేదు."
"దాటీసినాను!"
జుట్లు పట్టుకునేదాకా వచ్చింది.
మేడమ్ ఈల నోట్లోనే ఉంది, ఊదలేదు.

పన్నెండు మందీ నా వైపు తిరిగారు.
చంకలో ఖాళీ డబ్బా,
కనుబొమల మీద తెల్లటి పొడి.
"బాబాయ్, నువ్వు సెప్పు,
దాటిందా, నేదా?"

పురికొస ఏ మేకు నుంచి ఏ మేకుకి పోతుందో
నా మడమలకి తెలుసు.
నాలుగు వేళ్లు దాటింది,
చెప్పాను.