యాభై ఏడు అంగుళాలు

టేపు తీసి ముందు దాన్నే కొలిచాను.
అడ్డం యాభై ఏడు, నిలువు ముప్పై మూడు.
ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను,
ఇంత భుజాలున్న మనిషి నా గుమ్మం తొక్కలేదు.
నెల కంతు పద్నాలుగు జాకెట్లు,
లైనింగు వేస్తే తొమ్మిది.

కళ్ళకీ తెరకీ మధ్య ఎనిమిది అడుగులుండాలని
ద్వారకానగర్ షాపు కుర్రాడు చెప్పాడట.
పెదవాల్తేరులో మా ముందుగది మొత్తం పదడుగులు.
అందులో సోఫా తీసెయ్,
తలుపు తిరిగే వంపు తీసెయ్,
తాతబాబు మోకాళ్ళు తీసెయ్.
"ఇంకేటి మిగిలిందే?" అని
ఆ మోకాళ్ళాయనే నవ్వాడు.

తూర్పు గోడకి పెడదామంటే కిటికీ.
రెండు అపార్ట్‌మెంట్ల మధ్య జానెడు సముద్రం.
బెర్తు ఖాళీ కాలేదని లంగరేసుకున్న ఓడ
ఒకటైనా ఉంటుందక్కడ,
రేపు రమ్మన్నా కదలకుండా
నా బల్ల మీద కూర్చునే పెళ్ళివారిలా.

దక్షిణం గోడకి పెడదామంటే ఉప్పు.
హుద్‌హుద్ రాత్రి తాగిన నీళ్ళు
ఆ గోడ ఇంకా కక్కుతూనే ఉంది.
ఫిట్టింగుకొచ్చిన అబ్బాయి వేలితో తట్టి
పెద్దాసుపత్రి డాక్టరులా పెదవి విరిచాడు.

ఉత్తరం వైపు గుమ్మం. ఇక పడమరే.
అక్కడ అద్దం బీరువా ఉంది.
ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు
మెడ తిప్పి తమ వీపు తాము చూసుకున్న అద్దం.
నలుగురు పట్టి లోపలి చీకటిగదిలోకి తోశారు.
నేల మీద నాలుగు కాళ్ళ మచ్చలు,
ఐదు హుక్కులు, తుప్పు పట్టిన గుండుసూది,
ఎవరి చీరకి తెచ్చానో గుర్తు రాని
నీలం దారపు ఉండ.

నా మిషను మాత్రం కిటికీ దగ్గరే ఉండనిచ్చారు.
మొహం సముద్రానికి, వీపు తెరకి.
ఇప్పుడు సీరియల్లో ఏ కోడలు ఏడుస్తోందో
ముక్కు చీదడాన్ని బట్టి చెప్పగలను.
చీర రంగు మాత్రం ఆయన్నడగాలి.
ఆయనకి అన్నీ "ఏదో ఎరుపే".

పొద్దున్న ఏడింటికి ఎండ తిన్నగా తెర మీదకొస్తుంది.
"పరదా వెయ్యవే, మొహాలు తెల్లగా పోతన్నాయి."
పరదా వేస్తే నాకు సూది కన్ను మూసుకుంటుంది.
మూడు రోజులు వేసుకున్నాం, తీసుకున్నాం.
నాలుగో రోజు లైనింగు ముక్కలు అతికి
సగం పరదా కుట్టాను:
పైన ఆయన క్రికెట్టుకి నీడ,
కింద నా కుట్టుకి వెలుగు.
కొలత రెండంగుళాలు తప్పింది.
బ్యాటింగు చేసేవాడి కాళ్ళు ఇప్పటికీ ఎండలోనే ఉంటాయి.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది.
అప్పుడే వచ్చింది పైడితల్లి,
హార్బరు షెడ్డులో రొయ్యలు వలిచే పిల్ల.
చేతులు నిమ్మకాయతో రుద్దుకుని వచ్చింది,
పట్టు ముట్టుకోవాలి కదా.
తన డబ్బుతో తను కుట్టించుకున్న మొదటి జాకెట్టు.
లోపల వేసుకుంది, అద్దం కనబడక బయటికొచ్చింది.
అటూ ఇటూ చూసి
ఆ నల్లటి తెర ముందు ఆగిపోయింది.
"అక్కా, ఇందులో ఉన్నాను సూడు."

ఉంది. తల నుంచి నడుము దాకా,
నా బీరువా ఎప్పుడూ చూపించనంత వెడల్పుగా,
రెండు చేతులూ పూర్తిగా చాపుకున్నా
ఇంకా చోటు మిగిలేలా.
ఆమె భుజం వెనక జానెడు సముద్రం.
కుడివైపు హార్బరుకి బయలుదేరిన ఓడ
తెరలో ఎడమవైపు పోతోంది, తొందరేమీ లేకుండా.

పక్కకి తిరిగింది. చెయ్యెత్తింది.
చంక దగ్గర చిన్న ముడత.
నా నోట్లో రెండు గుండుసూదులు.

ఫ్యాను కదిలింది.
తెర మూలన ఎర్రచుక్క వెలిగింది.
తాతబాబు రిమోటు ఎత్తాడు.
సూదులు పళ్ళ మధ్య పట్టుకునే అన్నాను,
"ఉండు. ఇంకా అవలేదు."