కాకి బార్

చిలకలగూడల కాకి బార్ ఏందని నవ్వకుండ్రి.
నర్సాగౌడు పెట్టిన పేరు బుల్‌బుల్.
బోర్డు రాసిన పెయింటర్ యాదగిరి
బుల్‌బుల్‌ను జన్మల చూడలే.
అడ్వాన్సు తాగి, నిచ్చెనెక్కి
ఎదురుంగ తీగ మీద కనబడ్డ పిట్టను గీసిండు.
ఇరవై రూపాయలు కోసుకొని
బోర్డైతే అట్లనే ఉంచిండు గౌడు.
బస్తంత కాకి అన్నది. కాకే అయ్యింది.

అంతకు ముందు అది వాళ్ళ నాయిన కల్లు కంపౌండు.
ఈతచాపలు, లోటాలు, మూలకొక డప్పు.
నేను పనిల జేరేనాటికి చాపలు పోయి బల్లలొచ్చినయి,
డప్పు పోయి డ్రమ్ములొచ్చినయి.
లాలాగూడ వర్క్‌షాపుల ఫిట్టరు సిరిల్ దొర
(దొర గాదు, మేమే అంటుంటిమి)
గ్రీజు గోళ్ళతోనే వచ్చి కూసుండేటోడు.
శనివారం శనివారం కచ్చేరీ.
కూలి ఒక క్వార్టరు, ప్లేటు కలేజీ,
ఇంటికి బోటీ పొట్లం.

పాడేది వహీద్ మియా. పగలు షేర్వానీలు కుట్టేటోడు,
రాత్రి మెడల టేపు తీసుడు మరిచి పాడేటోడు.
తెలుగు అడిగితే తెలుగు, ఉర్దూ అడిగితే ఉర్దూ,
ఏమడగకుంటె దగ్గేటోడు.

ఫర్మాయిష్ చిట్టీలు మోసేది నేనే.
బిల్లుల ఎనక, సిగరెట్ డబ్బాల అట్టల మీద.
‘జీతం పడ్డది. ఏదన్న హుషారైంది.’
‘నాలుగో టేబులోడు అడిగిన పాట వద్దు.’
‘మా నాయిన పొద్దుగాల పోయిండు. మెల్లగ.’

ఒకపారి పది రూపాయల నోటు చుట్టి
ఖాళీ కాయితం పంపిండొకాయన.
వహీద్ మియా అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు,
సిరిల్‌ను చేత్తోటి ఆపిండు,
మాటల్లేకుంట, ఉత్త రాగం,
గ్లాసులల్ల ఐసు నీళ్ళయ్యేదాంక పాడిండు.
ఆ రాత్రి ఎవ్వరు రెండో పెగ్గు అడగలే.
గల్ల పడిపోయిందని గౌడు నన్ను తిట్టిండు.

మందు బందైన ఏండ్లు.
సర్కారోళ్ళు సీసాలకు సీలేసి పోయిండ్రు.
గౌడుకు అప్పుడే పక్షవాతం.
ఎన్నడు గడప దాటి రాని అండాలమ్మ
కొంగు బిగించి గల్ల మీద కూసున్నది.
ఇగ ఏమమ్ముదమమ్మా అంటే
‘సోడా, శనగలు, పాట’ అన్నది.
మేం నవ్వినం. శనివారం రానే వచ్చింది.
తాగేటోళ్ళు రాలే, వాళ్ళ ఇంటోళ్ళొచ్చిండ్రు,
ఇన్నేండ్ల జీతం యాడికి పోయిందో చూద్దామని,
పిల్లల్ని సంకనేసుకొని.
ఒకామె డ్రమ్మును వేలుతోటి పొడిచి చూసి
‘గిదానా’ అన్నది.
ఆఖరి పాటదాంక లేవలే.

మల్ల సీసాలొచ్చినయి. ఆమె మల్ల రాలే.

గౌడు పోయిండు. బల్లల మీద సన్మైకా మారింది.
ఒకనాడు మున్సిపాలిటోళ్ళు ఎర్రగీత గీసిండ్రు, రోడ్డు వెడల్పుకు.
గీత సక్కగ స్టేజీ నడుమల్నుంచి పోయింది.
డ్రమ్ములు రోడ్డుల, హార్మోనియం ఇంట్ల.
‘సగంల ఆరు బల్లలు పడ్తయి, నడుస్తది’ అన్నది అండాలమ్మ.
నడవలే.

ఆఖరి శనివారం సిరిల్ దొర గీతకు అవుతల కూసుండు,
వహీద్ మియా ఇవుతల.
నడుమ నడుమ సిరిల్ నోటితోటి హారన్ కొట్టి
లేచి, లేని బస్సుకు దారిచ్చేటోడు.
అంత నవ్వు ఆ ఇంట్ల నేను మల్ల వినలే.
బోర్డును పాత సామానోడు కిలోల లెక్కన కొన్నడు,
కాకికి వేరే పైసలియ్యలే.

ఇప్పుడాడ ఏటీఎం.
లోపట ఏసీ ఒక్క సుతి మీద మోగుతుంటది,
వహీద్ మియా పట్టే సుతికంటె జర తక్కువ.
నెలకోపారి పింఛనుకు పోత.
పైసలొచ్చినంక తెర అడుగుతది, రసీదు కావాలెనా అని.
కావాలె అని ఒత్తుత.
ఎనక నిలబడ్డోడు ఇసుక్కుంటడు.
చిట్టీ చేతిల పడ్తది, వెచ్చగ.
అటు తిప్పి ఇటు తిప్పి చూస్త.
ఎనకదిక్కు ఖాళీ.