పదిహేనేళ్ల పైలటు

ముసఫాల ఆరో నంబరు రూము.
డ్యూటీ బస్సు దిగి, కాళ్లు కడిగి
పప్పుగిన్నె చుట్టూ కూసునే యాళ్లకు
టీవీల ఆ పోరడు దిగుతడు.
పదిహేనేండ్లు. మూతి మీద నూగు గూడ లేదు.
చుక్కల నడుమ ఓడ ఆగిపోయి
ముసలి ఇంజనీర్లు బిక్కమొగమేసి నిలవడితే
పెన్ను మూత పెట్టినంత అల్కగ బాగుజేస్తడు.

"ఒక్కపారన్న చెయ్యి కాలదారా వీనికి!"
వెల్డింగు మచ్చలు గోక్కుంట గంగరాజం తిడతడు.
నేనూ తిట్టిన. అయినా
వాడు రాని రాత్రి ఉప్పులేని పప్పే.

మా రూముల చిన్నోడు నర్సిములు.
పాస్‌పోర్టుల ఇరవై రెండు.
గడ్డం గీసే బ్లేడు
ఇంకా కొననేలేదు.
"ఏం పైలటూ" అని పిలుస్తం,
మా కొలత తప్పని చెప్పిన రోజు
మరీ గట్టిగ.

నిన్న ఆ పోరణ్ని
ఏదో ఎర్రమన్ను గ్రహం మీద దించి
ఓడ ఎల్లిపోయింది.
గంగరాజం చప్పట్లు కొట్టిండు.
నర్సిములు గిన్నెలు తోముతుండె,
నల్లా చానాసేపు కట్టెయ్యలే.

ఇయ్యాల పదింటికి
రిమోటు ఎవ్వలూ ముట్టలే.
"మళ్ల ఎక్కించుకుంటరు తియ్,"
టీవీ దిక్కు చూడకుంటనే అన్నడు గంగరాజం,
"వాడు లేకుంటె ఆ ముసలోళ్లకేం తెలుస్తది?"