గోడ అవతలి నిమ్మచెట్టు

గ్రాసీ పార్క్‌లో మా పెరడు చిన్నది,
కేప్ టౌన్ గాలికి మాత్రం ఎంతైనా చోటుంటుంది.
పన్నెండింటికే నిప్పు రాజేశాడు డెల్మార్ మామ.
"ఇంత తొందరేమిటి?" అంటే
"మంట చూసి వంట మొదలెట్టేవాడు పిల్లాడు,
మంట చచ్చేదాకా ఆగేవాడు వంటవాడు" అన్నాడు.
ఏడాదికోసారి ఇదే మాట.
ఏడాదికోసారి మేమూ కొత్తగా విన్నట్టే.

ద్రాక్షతోటలో పెరికేసిన ముసలి మొద్దులు
లోపల్లోపలే ఏదో గొణుక్కుంటూ కాలాయి.
ఆగ్నేయపు గాలి పేరుకు తగ్గట్టు
నేరుగా నిప్పు దగ్గరికే వచ్చి కూర్చుంది.

ఎవరేం తేవాలో వారం ముందే చెప్పుకున్నాం.
అయినా బల్ల మీద నాలుగు ఆలూ సలాడ్లు.
లియోనీ గిన్నెలో గుడ్లు ఎక్కువ,
ఆమె తోటికోడలి గిన్నెలో ఆవాల ఘాటు ఎక్కువ,
రుగాయా పిన్ని డబ్బాపాలు పోసి తియ్యగా కలిపింది.
నాలుగోది ఎవరిదో ఇప్పటికీ తెలీదు,
ముందు ఖాళీ అయింది అదే.

పిన్ని సాసేజ్‌లకు వేరే జాలీ, వేరే పటకారు.
వాటిని ఎవరూ ముట్టుకోరు,
వాటి వాసన మాత్రం అందరిదీ.
జున్నుముక్క, టమాటా, ఉల్లిచక్రం, కాస్త పచ్చడి
రొట్టెల మధ్య నొక్కి, పైన వెన్న రాసి వరసగా పెట్టాం.
దాల్చినచెక్క వేసిన చిలగడదుంపలు
రేకుకాగితంలో ముసుగుతన్ని పడుకున్నాయి.

అసలు వంటకం బట్టల తీగ మీదుంది:
తెరిచిన పుస్తకంలా చీల్చిన స్నూక్ చేప,
ఉప్పు పట్టించి, రెండు క్లిప్పులతో
మామ చొక్కా పక్కనే ఆరబెట్టాం.
వెన్న కరిగింది. వెల్లుల్లి దంచాం.
ఆప్రికాట్ జామ్ సీసా అడుగు గీకాం.
అప్పుడడిగాడు మామ,
"నిమ్మకాయలేవి?"

నిమ్మకాయలు గోడకవతల ఉన్నాయి.
జెఫ్తాస్ గారి చెట్టు నిండా, విరగకాసి.

మూడేళ్ల కిందట మా పొగ
వాళ్ల తెల్లదుప్పట్లకు పట్టింది.
మాటకు మాట. ఆ తర్వాత మాటే లేదు.
ఆ దుప్పట్లు మళ్లీ ఉతుక్కున్న ఆవిడ
పోయిన చలికాలం వెళ్లిపోయింది.
మేం పువ్వులు పంపాం, మనుషులం వెళ్లలేదు.

పెద్దవాళ్లమంతా ఉల్లిపాయలకేసి చూస్తూ నిలబడ్డాం.
ఎనిమిదేళ్ల జేలిన్ ఖాళీ సోడా పెట్టె ఎక్కి
గోడ మీంచి గడ్డం పెట్టి అడిగేసింది:
"తాతా, మా చేపకు నిమ్మకాయ లేదు."

జవాబు రాలేదు.
చెప్పుల చప్పుడు లోపలికి పోయింది.
మామ జాలీని తిప్పాడు, తిప్పక్కర్లేకపోయినా.

కాసేపటికి ఒక పసుపుపచ్చ కాయ
గోడ దాటి ఎగిరొచ్చి
లియోనీ సలాడ్‌లో దబ్బున పడింది.
"గుడ్లు తక్కువయ్యాయనుకున్నట్టున్నాడు" అంది రుగాయా పిన్ని.
ఆ నవ్వుల మధ్యే రెండోది గడ్డిలో పడింది,
మూడోది కుక్క పట్టుకుపోయింది,
నాలుగోది మామ ఎడంచేత్తో అందుకున్నాడు.

చర్మం దోరగా కాలి, జామ్ అంచులు నల్లబడ్డాక
పొట్టవైపు ముక్క, ముళ్లు తక్కువుండేది,
నీలంగీతల పింగాణీ ప్లేటులో పెట్టాడు.
రెండు కాల్చిన రొట్టెలు, ఒక చిలగడదుంప.
సలాడ్ ఏది వెయ్యాలో తేలక నాలుగూ వేశాడు.
తనే వెళ్లి గోడ మీంచి అందించాడు.

"ముళ్లు చూసుకో" అన్నాడు.
మూడేళ్ల తర్వాత అంతే మాట.
అవతల్నుంచి ఒక దగ్గు వినిపించింది.

స్నూక్ తినేటప్పుడు ఎవరూ పోట్లాడుకోరు.
పొడుగాటి ముళ్లు, నాలుకంతా పని మీదుంటుంది.
గోడకు ఇటు పన్నెండుమందిమి,
అటు ఒక్కడు,
ఒకే రకం నిశ్శబ్దంలో ముళ్లు ఏరుకున్నాం.

పొద్దుగూకాక బూడిద మీద నీళ్లు చల్లాను.
జాలీ తోమాను. గిన్నెలు ఎవరివి వాళ్లకిచ్చాను.
నీలంగీతల ప్లేటొకటి లెక్క తగ్గింది.
జేలిన్ మళ్లీ పెట్టె ఎక్కబోయింది.
వద్దన్నాను.
ఉండనీ, అక్కడే.