అంకీసలో ముప్పై రెండో ప్రశ్న

పుణె నుంచి సారు, సిరోంచ నుంచి నేను,
మధ్యలో నలభై పేజీల మరాఠీ.
"దేశ విజ్ఞాన విధానం
వంచిత్ ఘటకాల దాకా చేరిందా?"
తెలుగులో చెప్పడం నా పని,
పూటకు మూడు వందలు.

దుర్గం బుచ్చక్క ఇప్పపువ్వు చేట పక్కకు జరిపి
"వంచిత్ అంటే ఎవలు బిడ్డా,
నడుము వంచినోళ్లా?" అన్నది.

నేను చదివిన తెలుగులో
మోసపోయినవాళ్లని అర్థం.
సారు మరాఠీలో, ఏదీ అందనివాళ్లని.
మూడిట్లో ఏది చెప్పాలో తేలక
నీళ్లడిగి తాగాను.

పువ్వు ఆరబెట్టే గాలిమిషన్ అరుగు మీదే ఉంది.
రెండు కాళ్లతో తొక్కమని దాని మీద బొమ్మ.
బుచ్చక్కకు ఒక కాలు చిన్నప్పుడే చచ్చుబడింది.
పెడల్ ఊడదీసి
కొడుకు పాత సైకిల్ గొలుసు తగిలించి
రెండు ఎండకాలాల నుంచి చేత్తో తిప్పుతోంది.
జింగనూరు నుంచి మడావి కన్నక్క వచ్చి చూసిపోయి
తనూ ఒకటి కట్టుకుందట.

సారు ఫోటో తీశాడు.
లబ్ధిదారు గడిలో టిక్కు పెట్టాడు.
చేసినవాళ్ల గడి కోసం కాగితం తిప్పి చూశాను,
వెనక తెల్లగా ఉంది.
"పరికరంలో అనధికార మార్పు" అని రాసుకున్నాడు,
తప్పు పట్టాలని కాదు,
ఆ మాటకే కోడ్ నంబరుంది.

జీపు కదులుతుంటే బుచ్చక్క కేకేసింది:
"గొలుసు మాటికి జారుతది బిడ్డా,
దానికేమన్న ఉపాయం రాసిన్రా అందుల?"

సిరోంచ దాకా సారు నిద్రపోయాడు.
ఒళ్లో కాగితాలు,
పై పేజీకి ఇప్పపువ్వు జిగట.