పన్నెండు సంచుల మన్ను

డ్యూటీల నేను డంపర్ తోల్త.
ఒక్క ట్రిప్పుకు అరవై టన్నులు.
బొగ్గు మీది మన్నును మోసి మోసి
గుట్ట మీద గుట్ట పోసి
షిఫ్టు దిగినంక ఇంటికొచ్చి
ఇనుప చెంచాతోటి
గడ్డి మొదట్ల మన్నేస్త.

సరూప నవ్వుతది.
"పొద్దంత తవ్విందంత ఏడ పోయె,
పొద్దుమీకి ఇదేం కక్కుర్తి?"

రాజురా అవతల మైన్ కాలనీ, ఆఖరి వరుస.
క్వార్టర్ ముందట పద్నాలుగడుగులు, తొమ్మిదడుగులు.
కింద ఇటుక ముక్కలు, బాయిలర్ బూడిద.
మొదటేడు ఏసిన గడ్డి
మే నెల పది రోజులకే బీడీ తీర్గ కాలిపాయె.
చాందా ఎండ ఎరుకే గద,
తారు మెత్తవడి
నడిచేటోని చెప్పు పట్టుకొని పోనియ్యది.

రెండో ఏడు నేర్సుకున్న.
తెల్లారకముందే నీళ్లు పెట్టాలె,
వారానికి రెండుమార్లు, లోతుకు దిగేటట్టు.
రోజింత చిలకరిస్తే
ఏర్లు పైపైన్నే సోమరివోతుల తీర్గ పంటయ్.
మూడొంతుల్ల ఒక్క వంతే కొయ్యాలె.
ఎండకాలం ఇంకింత పొడుగు ఉండనియ్యాలె,
దాని నీడ దానికే గావాలె గనుక.
మొద్దు బ్లేడు కొయ్యది, చింపుతది.
చింపిన కొస తెల్లారేసరికి తెల్లవడ్తది.

దిలీప్ యూరియా ఓ పిడికెడు ఎక్కువ చల్లి
మనిషి బోర్ల పన్నంత మచ్చ తెచ్చుకుండు.
ఇంకా ఉన్నది వాని వాకిట్ల.

తుంగ పీకితే పోదు.
అడుగున గడ్డ ఉంటది, నల్లగ, శనగ గింజంత.
దాన్ని వెతికి తియ్యాలె
పిల్లగాని అరికాల్ల ముల్లు తీసినట్టు.

ఇవన్ని తర్వాత ముచ్చట్లు.
ముందుగాల మన్ను గావాలె.

పాత డంపు అంచున ఒక కుప్ప ఉన్నది,
రాళ్లు లేంది, నల్లది.
తవ్వేముందు పైపొర ఒలిచి పక్కకు పెట్టింది.
మళ్ల పరుస్తమని కాయితం మీద రాసుకున్నరు.
సూపర్‌వైజర్‌ను అడిగి
స్కూటర్ మీద పన్నెండు సంచులు తెచ్చిన.
ఆనలు పడంగనే గరిక నాటిన.
మేం గరిక అంటం, శేవంతాబాయి హరళీ అంటది.
దానికి రెండు పేర్లూ ఎరుకే,
దేనికీ పలకది, నీళ్లకు తప్ప.

శేవంతాబాయి మా కాలనీల కూరగాయలు అమ్ముతది.
ఆమె చేనున్న కాడ ఇప్పుడు
గాలి ఉంటది.
నూటయాభై అడుగుల లోతు గాలి.

శ్రావణంల ఒక పొద్దుగాల
గడ్డి నడిమిట్ల ఏదో ఎడల్పు ఆకు.
చెంచా పట్టుకొని వంగిన.
గేటు కాడ గంప దిగిన సప్పుడు.

"రాహూ ద్యా, భావూ."

జొన్న.
ఎవలు ఏసిన్రో, ఎన్నేండ్లు ఆగిందో
కుప్ప కింద, చీకట్ల.
ఈ మన్ను యాడిదని అడిగింది.
చెప్పిన.
ఆమె ఏడుస్తదనుకున్న.
ఏడ్వలే.
చెప్పులు విడిచి గడ్డి మీద కూసున్నది,
రెండు వేళ్లతోటి చిటికెడు మన్ను నలిపి
వాసన చూసి
"ఇది బాయి కాడి తునక" అన్నది,
పోయిన మేకను మందల గుర్తువట్టినట్టు.

ఆ రోజు రెండు మెంతి కట్టలకు
పైసలు తీస్కోలే.

మిషన్ ఇప్పుడు జొన్న చుట్టు తిప్పి తోల్తున్న.
ఆడ ఓ జానెడు గుండ్రంగ
గడ్డి ఎక్కువ తక్కువ.
దిలీప్ గోడ మీదికెల్లి చూసి
"లాన్ అంటే గిదేనా?" అంటడు.
నీ మచ్చ సంగతి చూస్కో అన్న.

కంకి తీసింది.
పిచ్చుకలు పాలగింజలు పీల్చి పోతున్నయ్,
సరూప చీపురెత్తి దించుకున్నది.

నిన్న శేవంతాబాయి గేటు మీద మోచేతులు పెట్టి
నవ్వుకుంట అడిగింది:
"ఈ కంకికి ఎంత రేటు ఇస్తవు, కంపెనీ భావూ?"

ఎకరం రేటు ఆఫీసుల గోడకు అంటిచ్చి ఉన్నది.
కంకి రేటు
నాకు తెల్వలే.
నీళ్ల పైపు గుంజుకొని
అవతలి మూలకు పోయిన.